అధిక జ్యేష్ఠం సంచిక

మదనపల్లె,
9 నవంబరు 1946, శనివారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు కృప నీ మీదా నాయన మీదా ఉండాలని కోరుతూ నీ దయామణి వ్రాసే సంగతులు. నేను ఇక్కడ బాగున్నాను, మీరక్కడ బాగున్నారని తలుస్తాను. ప్రతిసారీ ఆదివారం ఆరాధన ముగిశాక రాసేదాన్ని ఈసారి ఒకరోజు ముందే కూర్చున్నాను. ఎందుకో ముందే చెప్తాను. ఇరవైమూడో తేదీన మా మూడు ఊళ్ల గ్రంథాలయాల కమిటీ మదనపల్లెలో కూడుతుంది. ఆ లోపల ఒక సంగతి నీకు తెలియాలి. నా ఉత్తరాలు నీకు చదివి వినిపించే పుష్పమ్మ టీచరుగారికి కూడా తెలియాలి. కాబట్టి దీన్ని ఇంకెవరి చేతా చదివించవద్దు. పోస్టుమ్యాను చదివిపెడతానన్నా ఇవ్వవద్దు. టీచరుగారి దగ్గరికే తీసుకుపో.

నీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి జవాబులు ముందు రాస్తాను. దగ్గు తగ్గింది, మిరియాల కషాయం తాగుతున్నాను. హాస్టలులో సంగటి వారానికి రెండు దినాలే పెడతారు. మిగతా దినాలు రేషను బియ్యం, రాళ్లు ఏరుకునే ఓపిక ఉంటే పరవాలేదు. నాయన కుట్టించిన చెప్పులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. పుంగనూరులో కనిపించే ఆ సాయిబుల పిల్లవాడు ఎవరని అడిగించావు. అతని పేరు అలావుద్దీన్. పుస్తకాలకు అట్టలు కట్టే బాబు సాహెబ్ గారి కొడుకు, పుంగనూరు పఠన మందిరం చూసుకుంటాడు. అతనికి పెళ్లయింది. భార్య మైమూన్ బీ నాకు రెండుసార్లు సేమియా కూడా పంపింది. ఇక ఆ విషయంలో నీకు దిగులు అక్కరలేదు.

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న నాకు చాలా నచ్చింది. "పుస్తకాల పేర్లు రాసేదానికి జీతమిచ్చేదేంది, పేరు పుస్తకం మిందనే ఉండాది గదా" అన్నావు. దాన్ని మా గ్రంథాలయ అధికారి చెంగల్రాయుడు గారికి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు.

అమ్మా, పుస్తకం సంగతి నువ్వన్నట్టే ఉంటుంది. ఒకసారి అచ్చయితే అది అంతే. నేను చూసేది పత్రికలు. పత్రిక నెలనెలా వస్తుంది, ఒక్కో నెల రాదు. రెండు నెలలది కలిపి ఒకటే వస్తుంది. యుద్ధంలో కాగితం దొరకక కొన్ని చిక్కిపోయాయి, కొన్ని ఆగిపోయాయి. కొన్ని పేరు మార్చుకుని వేరే ఊళ్లో తేలాయి. ఏదీ మనకు చెప్పి చేయదు. ఒక పత్రిక ఏడో సంపుటి తరువాత నేరుగా తొమ్మిది అని వేసుకుంది. ఎనిమిదోది మా దగ్గర పోయిందా, అసలు పుట్టనే లేదా అని మూడు వారాలు వెతికాను. చివరికి పదో సంపుటిలో ఒక మూల చిన్న అక్షరాలతో, అచ్చుపనివాళ్ల పొరపాటు అని ఒప్పుకున్నారు. అది దొరికిన రోజు హాస్టలులో రెండు ముద్దలు తిన్నాను. ఆకలి అంతగా లేదు, సంతోషంతో తిన్నాను.

ఇట్లాంటివన్నీ ఒక కార్డు మీద రాసి పెట్టడమే నా పని. ఏ పత్రిక, ఎప్పుడు మొదలైంది, ఏ నెలది ఉంది, ఏ నెలది లేదు. మా మదనపల్లెలో ఉన్నది పుంగనూరులో లేదు, అక్కడ ఉన్నది మన కుప్పంలో లేదు. మూడు ఊళ్ల కార్డులూ ఒకే పద్ధతిలో ఉంటే, కుప్పంలో కూర్చున్న మనిషికి తనకు కావలసిన సంచిక పుంగనూరులో ఉందని ఇట్టే తెలుస్తుంది, బస్సులో తెప్పించుకోవచ్చు. చెంగల్రాయుడు గారి ఆలోచన ఇది. దానికి ఊరికి ఒకరు చొప్పున ముగ్గురం నేర్చుకోవాలన్నారు. ఇక్కడి నుంచి నేను, పుంగనూరు నుంచి అలావుద్దీన్, కుప్పం నుంచి పుష్పమ్మ టీచరుగారు.

మాకు నేర్పడానికి మద్రాసు నుంచి ఎవరూ రాలేదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పాలి, అదే మా శిక్షణ. నెలలో మొదటి శనివారం ఒక్కో ఊళ్లో కూడుతాము. ఎవరు రాసిన కార్డులను వాళ్లు దిద్దుకోకూడదు, పక్క ఊరివాళ్లు దిద్దాలి. అలావుద్దీన్‌కు కాగితం సంగతి తెలుసు. ఊడిన పేజీని చేత్తో తడిమి, ఇది ఈ పుస్తకానిది కాదని చెప్పేస్తాడు. చదివేవాళ్ల సంగతి తెలిసింది టీచరుగారికి. ఏ రైతు ఏ మాటతో అడుగుతాడో ఆమె చెప్తారు, ఆ మాట కార్డు మీద ఎక్కిస్తాము. నాకు ఇంగ్లీషులో ఉన్న నియమాల పుస్తకం చదవడం వచ్చు. అది చదివి మా ముగ్గురి కోసం తెలుగులో పది నియమాలు రాశాను. చెంగల్రాయుడు గారు సంతకం పెట్టారు. ఆ పది నియమాలు మూడు ఊళ్లలోనూ గోడకు అతికించి ఉన్నాయి. టీచరుగారు నీకు చూపించి, ఇది దయామణి రాసిందని చెప్పారట కదా.

కార్డులకు కూడా కాగితం కరువే. దానికి బాబు సాహెబ్ గారు ఒక ఉపాయం చెప్పారు. ఒకే సంచిక రెండు ప్రతులు ఉంటే రెండోది ఆయనకు ఇస్తాము. దాని పై అట్ట దళసరిగా ఉంటుంది కాబట్టి దాన్ని కార్డులుగా కత్తిరిస్తారు. లోపలి పేజీలను ఒకదాని మీద ఒకటి అంటించి, పుస్తకాలకు కట్టే అట్టలు చేస్తారు. అందుకే మా కార్డులకు ఒకవైపు మా రాత ఉంటుంది, వెనకవైపు సగం నాగలి, సగం సబ్బు ప్రకటన, ఎవరిదో ఒక కన్ను ఉంటాయి. ఖాళీ దొరికితే వాటిని తిప్పి చూసుకోవడం నాకు ఆట.

పోయిన శనివారం, అంటే రెండో తేదీన, పుంగనూరులో కూడాము. టీచరుగారు పలమనేరు మీదుగా, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో వచ్చారు. ముఖమంతా మసి. మధ్యాహ్నం అన్నాలప్పుడు అలావుద్దీన్ ఒక వింత చెప్పాడు. వాళ్ల పఠన మందిరంలో ఒక తెలుగు మాసపత్రికకు పోయిన ఏడాది చైత్రమాసపు సంచికలు రెండున్నాయట. ఒకటి తీసేయబోయి, రెండింటినీ తెరిచి చూశాడట. కథలు వేరు, బొమ్మలు వేరు.

"మా రంజాను ఎండల్లో వస్తాది, వానల్లో వస్తాది, ఏటేటికీ ముందుకు జరుగుతాది. వాళ్లదీ చంద్రుని లెక్కే గదా, వాళ్ల ఉగాది యాల జరగదు అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం," అన్నాడు. "ఈ రెండు చైత్రాలూ సంకన పెట్టుకుని మా బడి పంతులు ఇంటికి పోయినాను. ఆయన నవ్వి నవ్వి, తరువాత కూర్చోబెట్టి చెప్పినాడు."

చంద్రుని నెలలు లెక్కపెడితే ఏడాదికి పదకొండు దినాలు తక్కువ వస్తాయట. అట్లా తగ్గి తగ్గి, మూడేళ్లు నిండేలోపల ఒక నెల అంత వెనకబడుతుందట. అప్పుడు ఆ ఏడు ఒక నెలను రెండుసార్లు లెక్కపెడతారట. మొదటిది అధికమాసం, రెండోది నిజమాసం. ఆ ఏడాదికి పదమూడు నెలలు. అమ్మా, నేను ఇరవైరెండేళ్లుగా ఈ దేశంలో ఉన్నాను, మన వీధి చివర ఉగాది పచ్చడి తిన్నాను, ఈ మాట నాకు తెలియదు. ఈస్టరు కూడా ఒక్కో ఏడు ఒక్కో తేదీన వస్తుంది కదా, అదెందుకో కూడా ఎన్నడూ అడగలేదు. అలావుద్దీన్ అడిగాడు. ఆ పూట నాకు అన్నం మీద ధ్యాస లేదు. నేల మీద వేలితో పదకొండు, ఇరవైరెండు, ముప్పైమూడు అని వేసుకుంటూ కూర్చున్నాను.

ఇంతవరకూ రాసినవన్నీ నిజాలే. కానీ ఒకటి పక్కన పెట్టి రాశాను. ఇప్పుడు అది చెప్పాలి.

టీచరమ్మా, ఇక్కడి నుంచి మీరు చదవకుండా దాటేస్తారని నాకు తెలుసు. అమ్మకు ఇంకేదో చెప్పి, కాగితం మడిచేస్తారు. దయచేసి దాటవద్దు. ఒక్క మాట వదలకుండా అమ్మకు వినిపించండి.

అమ్మా, నేను రాసిన పది నియమాల్లో ఐదోది ఇది: ఒకే పత్రికకు ఒకే నెల పేరుతో రెండు సంచికలు కనిపిస్తే ఒకటి ఉంచి, రెండోది తీసివేయవలెను. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది రెండో ప్రతుల గురించి. వాళ్లకు జనవరి ఏడాదికి ఒకటే. మా ముగ్గురిలో ఇద్దరం మిషనువాళ్లం, ఒకరు సాయిబు. పంచాంగం ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. మే నెలలో కుప్పంలో కూడినప్పుడు, 'సేద్యపు మాట' అనే వ్యవసాయ పత్రిక కట్టలో నాలుగేళ్ల కిందటి చిత్రభాను సంవత్సరపు జ్యేష్ఠం సంచికలు రెండు దొరికాయి. ఆ పత్రిక అంకెలు వేయదు, నెల పేరే వేస్తుంది. టీచరుగారు రెండింటినీ చేతిలో పట్టుకుని, "దయామణీ, రెండు అట్టలూ ఒక రంగు గాదు, యాల తీసేయాల? లోపల చూస్తాం ఆగు," అన్నారు.

నేను ఆగలేదు. "నియమం రాసుకున్నాక మళ్లా చూసేదేంది టీచరమ్మా," అన్నాను. నాకు పలక మీద మొదటి అక్షరం దిద్దించిన మనిషితో అట్లా అన్నాను. ఆమె నా నియమం ప్రకారం ఒకటి తీసి పక్కన పెట్టారు. అది అధికమాసపు సంచిక. మిగతా రెండు ఊళ్లలో ఆ ఏటి పత్రికే లేదు.

అక్టోబరులో రామకుప్పం నుంచి తిమ్మప్ప అనే రైతు కుప్పం పఠన మందిరానికి వచ్చాడు. రాగి చేలల్లోకి ఏనుగులు రాకుండా ఏం చేయాలో ఆ పత్రికలో మూడు నెలలు వరసగా రాశారు. టీచరుగారు మొదటి భాగం చదివి వినిపించారు. తరువాతి సంచిక తీస్తే మూడో భాగం. "నడిమిది యాడికి పోయిండాదమ్మా? ఏనుగు ముందు కాళ్లు, వెనక కాళ్లు చెప్పి కడుపు చెప్పకపోతే ఎట్ల?" అన్నాడట. ఇంకో నెలలో అతని చేను కోతకు వస్తుంది. టీచరుగారు గదంతా వెతికి, దొరకక, కమిటీకి ఉన్నది ఉన్నట్టు రాశారు.

రెండో తేదీ సాయంత్రం కమిటీవాళ్లు కూడా పుంగనూరుకు వచ్చారు, ఆ ఉత్తరం వాళ్ల ముందుకు వచ్చింది. అలావుద్దీన్ నమాజుకు పోయి ఉన్నాడు. కార్యదర్శి ముద్దుకృష్ణ గారు ఉత్తరం చదివి, "ఏనుగు బొమ్మ ఉంటాది గదా, బడిపిల్లోళ్లకు కత్తిరించుకోను ఇచ్చినారేమో టీచరమ్మా. బడి వేరే, గ్రంథాలయం వేరే," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు నా చేయి, దిద్దించడానికి నేను తెచ్చిన కార్డుల పెట్టె మీద ఉంది. 'సేద్యపు మాట' కార్డు బయటికి తీశాను. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. పసుపు రంగు అట్ట ముక్క. దాని మీద అచ్చులో సగం తెగిన మాట ఉంది: చిత్రభాను, అధిక జ్యే.

పొద్దున అయితే నాకు అది అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నమే అలావుద్దీన్ చెప్పి ఉన్నాడు. ఆ సంచిక పోయింది బడిపిల్లల చేతిలో కాదు. నా నియమం చేత పోయింది. ముందువైపు రాత కూడా నాదే.

టీచరుగారు నా వైపు చూశారు. నేను ఏదో ఒకటి చెప్తానని చూశారో, చెప్పవద్దని చూశారో నాకు ఇప్పటికీ తెలియదు. "నా గదిలో పోయిండాది సార్. తప్పు నాదే," అన్నారు. నియమం మాట ఎత్తలేదు. నేను ఆ కార్డు తీసి నా కీర్తనల పుస్తకంలో పెట్టుకున్నాను. కుప్పం గది టీచరుగారి చేతిలో ఉంచాలా వద్దా అనేది ఇరవైమూడో తేదీన తేలుస్తామన్నారు. ఆ వెంటనే, మద్రాసులో మూడు నెలల గ్రంథాలయ శిక్షణకు మా ముగ్గురిలో ఒకరిని పంపుతున్నామని, అది నేనేనని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొదట కొట్టింది టీచరుగారు.

ఇంకొకటి కూడా ఉంది. బుధవారం అలావుద్దీన్ పని మీద ఇక్కడికి వచ్చి, "కుప్పంలో పోయిన సంచిక అధికమాసానిది గాదు గదా?" అని అడిగాడు. "నాకు తెలియదు," అన్నాను. కార్డు నా పక్కనే ఉన్న పుస్తకంలో ఉంది. నేను ఊరికే ఉన్నది ఒక తప్పు, ఇది అబద్ధం.

మరునాడు నీ ఉత్తరం వచ్చింది. అమ్మా, నువ్వు చెప్పేది టీచరుగారు రాస్తారు. నీ మాటలు ఆమె అక్షరాల్లో ఎన్నో ఏళ్లుగా చదువుతున్నాను కాబట్టి రెండూ నాకు ఒకటే అయిపోయాయి. ఈసారి మాత్రం విడివిడిగా కనిపించాయి. "టీచరమ్మ సరిగా అన్నం తినేది లేదు, గది తాళంచెవి ఇచ్చేసినాది, అడిగితే నవ్వుతాది. నువ్వు మద్రాసు పోతాండావని మాత్రం వీధివీధినా చెప్తాండాది" అని నువ్వు చెప్పావు. ఆమె తన గురించే ఆ మాటలు రాశారు. ఒక్కటీ కొట్టివేయలేదు, మార్చలేదు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. నేను ఆ రోజు గ్రంథాలయంలో ఏ పనీ చేయలేకపోయాను.

నిన్న పొద్దున కార్డు తీసుకుపోయి చెంగల్రాయుడు గారి ముందు పెట్టి అంతా చెప్పాను. ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. కోప్పడతారని నిలబడి ఉన్నాను. "నియమం రాసింది నువ్వు. చదివి సంతకం పెట్టింది నేను. నా ఇంట్లో గోడకు పంచాంగం ఉండాది," అన్నారు. తరువాత, కమిటీకి ఇద్దరం చెప్దామనీ, మద్రాసు సంగతి తన ఒక్కరి చేతిలో లేదనీ, అది పోవచ్చుననీ చెప్పారు. నేను సరే అన్నాను. అలా అనడానికి కొంచెం సేపు పట్టింది, అది కూడా రాయాలి. మద్రాసు పోవాలని నాకు చాలా ఉంది అమ్మా. అక్కడ పత్రికలకే ఒక గది ఉంటుందట. అయినా పోతే పోనీ.

నిన్ననే అలావుద్దీన్‌కు కూడా రాసి పంపాను. ఇవాళ మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి జవాబు ఇచ్చి పంపాడు. మొదట తిట్లు ఉన్నాయి: "బుధవారమే చెప్పుంటే మూడు దినాలు కలిసొచ్చేవి గదా దయామణమ్మా." తరువాత మంచి కబురు. ఆ సంచిక లోపలి పేజీలను బాబు సాహెబ్ గారు ఏ పుస్తకాల అట్టల్లో పెట్టారో ఆయనకు గుర్తుందట. తండ్రీ కొడుకులు ఆ అట్టలకు ఆవిరి పట్టి, పేజీలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నారు. ఇప్పటికి నాలుగు ఆకులు వచ్చాయి. ఒకదాంట్లో ఏనుగు బొమ్మ ఉందట, కింద రాత సగం చెదిరిందట. మిగతావి వస్తాయో రావో తెలియదు. వచ్చినంత మటుకు నేనే నకలు రాసి తిమ్మప్పకు పంపుతాను.

టీచరమ్మా, ఈ మాటలు మీకే నేరుగా ఒక ఉత్తరం రాయవచ్చు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. మీకు మాత్రమే రాస్తే మీరు దాన్ని మడిచి దాచేస్తారు, మా అమ్మకు తెలియనివ్వరు, కమిటీలో మళ్లీ తప్పు మీదేనంటారు. అమ్మ వింటుండగా మీ నోటితో చదివితే ఇక దాచలేరు. మీకు ఇది కష్టంగా ఉంటుందని తెలిసీ చేశాను. నన్ను క్షమించండి అని ఊరికే అడగను. ఇరవైమూడో తేదీన మీరు మదనపల్లెకు రావాలి. నేను నిలబడి చెప్పేటప్పుడు మీరు ఆ గదిలో ఉండాలి. ఐదో నియమం కొట్టివేసి కొత్తది రాసుకోవాలి, దాన్ని ఈసారి మీరు చెప్పండి, నేను రాస్తాను. రెండు అట్టలూ ఒక రంగు కావని చూసింది మీరు.

అమ్మా, నీకు నా మీద కోపం వస్తుంది. రావాలి కూడా. ఇంట్లో మొదట చదువుకున్నది నేను. నువ్వు ఎవరికైనా గొప్పగా చెప్పుకునేముందు ఇది కూడా తెలిసి ఉండాలని రాశాను. నాయనకు నా వందనాలు చెప్పు. ఈ సంగతి ఆయనకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నవంబరు ఇరవయ్యో తేదీలోపల నాకు జవాబు అందాలి. టీచరుగారు వస్తారో రారో ఒక్క మాట చాలు. నా అడ్రసు రాసిన పోస్టుకార్డు ఈ కవరులోనే పెడుతున్నాను. ఆమె ఈసారి నీకు రాసిపెట్టనంటే బలవంతం చేయవద్దు, వేరే ఎవరినీ అడగవద్దు. ఆ కార్డు ఖాళీగానే, నీ వేలిముద్ర వేసి డబ్బాలో వెయ్యి. రాత లేకుండా వస్తే ఆమె జవాబు ఏమిటో నాకు అర్థమవుతుంది. అయినా ఇరవైమూడున నేను చెప్పేది చెప్తాను.

ఇట్లు,
నీ కూతురు
దయామణి